ఇంట్లో ఫోనుకు నమాజు వేళలే హద్దు

పిల్లల ఫోను వాడకాన్ని అదుపులో పెట్టాలనుకునే తల్లిదండ్రులు ఆ నియమాన్ని మొదట తాము పాటించాలి. ‘మిమ్మల్నీ, మీ కుటుంబాన్నీ అగ్ని నుంచి కాపాడుకోండి’ అని చెప్పే ఖుర్ఆన్‌లోని తహ్రీమ్ సూరా (అధ్యాయం) 6వ ఆయతులో (వాక్యంలో) కుటుంబం కంటే ముందు మనమే ఉన్నాము.

ఐదు పూటల నమాజు రోజును ముందే విభజించి ఉంచింది కాబట్టి వేరే పట్టిక అవసరం లేదు. అజాన్ (నమాజు పిలుపు) వినబడగానే తండ్రి ఫోనుతో సహా అన్ని ఫోన్లనూ ఒకే చోట పెట్టండి. మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) నుంచి ఇషా (రాత్రి నమాజు) దాకా వాటిని ముట్టకుండా భోజనానికీ, చదువుకూ, ఖుర్ఆన్ పారాయణానికీ ఆ సమయాన్ని కేటాయించండి. పారాయణానికి యాప్ కంటే అచ్చు ప్రతే మేలు, ఎందుకంటే మధ్యలో వచ్చే ఒక్క సందేశం చాలు మనసు చెదరడానికి. ఇషా తరువాత కబుర్లను ప్రవక్త (సఅసం) ఇష్టపడేవారు కాదని బుఖారీ హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల సంకలనంలో) ఉంది. అందుచేత ఛార్జర్లను పడకగదుల బయటే ఉంచితే ఫజర్ నమాజుకు తెల్లవారుజామున లేవడం కూడా తేలికవుతుంది.

అన్నిటికంటే క్లిష్టమైనది నిఘా విషయం. హుజురాత్ సూరా 12వ ఆయతు కూపీలు లాగవద్దంటుంది. మరోవైపు, ప్రతి ఒక్కరూ తమ సంరక్షణలో ఉన్నవారికి జవాబుదారులని హదీసు చెబుతుంది. నా అభిప్రాయంలో చిన్న పిల్లలకు ఫ్యామిలీ లింక్ యాప్ వంటి నియంత్రణను వారికి చెప్పే అమర్చాలి. ఎదిగిన పిల్లల సందేశాలను మాత్రం, అపరిచితులెవరో ఫొటోలో డబ్బో అడుగుతున్నారన్న బలమైన అనుమానం ఉంటే తప్ప, చాటుగా చదవకూడదు. అలా చదివిన రోజు నుంచి వారు మనకు ఏదీ చెప్పరు. అశ్లీల దృశ్యం కనబడితే వెంటనే ఆపి మీ దగ్గరకు రమ్మనీ, కోప్పడబోమనీ ముందే మాటివ్వండి, వచ్చిన రోజున ఆ మాట నిలబెట్టుకోండి. చూపులు వాల్చుకోమన్న ఆజ్ఞ నూర్ సూరాలో మొదట పురుషులకే (30వ ఆయతు) వచ్చింది కనుక, ఈ సంభాషణ కూతుళ్లతోనే ముగించకుండా కొడుకులతోనూ జరగాలి.

నియమం పెట్టినప్పుడల్లా కారణం చెప్పండి. ఖుర్ఆన్ చెప్పే జ్ఞాని లుఖ్మాన్ తన కుమారుడికి షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం) చేయవద్దని చెప్పి ఊరుకోలేదు, అది ఘోరమైన అన్యాయమని వివరించారు (31:13).

ఫార్వర్డ్ సందేశాల విషయంలో వార్తను నిర్ధారించుకోమనే హుజురాత్ 6వ ఆయతును పిల్లలతో కలిసి ఆచరించండి: ‘హదీసు’ పేరిట వచ్చినదాన్ని ఏ గ్రంథంలో ఉందో చూడకుండా పంపవద్దు, తెలిసిన ఆలిమ్‌ను (ధార్మిక పండితుణ్ణి) అడిగాకే పంపండి.