మార్ఫాన్ ఉన్న పిల్లలను ఎకోకు తీసుకెళ్లే ముందు

మార్ఫాన్ అంటే ఒంట్లో అవయవాలను పట్టి ఉంచే కణజాలం బలహీనంగా ఉండే జన్యు జబ్బు. ఎకో అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్. కాజీపేటలో హైదరాబాద్ రైలెక్కే ముందే ఇవి సరిచూసుకోండి.

పాత ఎకో రిపోర్టులన్నీ తారీఖుల వరుసన కవర్లో పెట్టుకోండి. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళమే బృహద్ధమని. గుండె దగ్గర దాని మొదట్లో వెడల్పు పోయినసారి ఎంత, ఇప్పుడెంత అన్నదే అసలు లెక్క.

ఎత్తు, బరువు ఆ రోజే, చెప్పులు విప్పించి చూపించండి. పిల్లల్లో రక్తనాళం వెడల్పును ఒంటి సైజుతో పోల్చి, ఉండాల్సినదానికి ఎంత తేడా ఉందో చెప్పే జడ్-స్కోరు కడతారు. మావాడికి ఒకసారి నిరుటి ఎత్తే రాసేశారు. ఏడాదిలో బెత్తెడు పెరిగిన పిల్లాడు! స్కోరు ఉన్నదానికన్నా ఎక్కువొచ్చి, మాకు రాత్రంతా నిద్ర లేదు.

బృహద్ధమనిపై ఒత్తిడి తగ్గించడానికిచ్చే బీటా బ్లాకర్, లోసార్టన్ లాంటి మందులు మీ అంతట మీరు ఆపొద్దు. మామూలు ఎకోకు పరగడుపు అక్కర్లేదు. పసివాళ్లకు మత్తిస్తామంటే మాత్రం ముందే అడగండి.

మార్ఫాన్‌ను పోలిన మరో జన్యు జబ్బు లోయిస్-డైట్జ్ అయితే ఎకో ఒక్కటే చాలదు. తల నుంచి కటి దాకా నాళాలన్నీ ఎంఆర్ఐలోనో సీటీలోనో చూడాలి.

మోషన్స్ అనగానే మెడికల్ షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ చేతిలో పెడతారు. బృహద్ధమని జబ్బున్నవాళ్లకు ఆ రకం మందులపై 2018లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. డాక్టర్నడగందే వేయొద్దు.

ఛాతీలోనో వీపులోనో ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పొస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, వెంటనే 108.