మెయిన్ బోర్డు మార్చడం – 4వ పాఠం: వైరు చాలనప్పుడు

క్రితం పాఠంలో పాత బోర్డులోని ప్రతి వైరుకీ నంబరు టేపు అంటించాం, ఏ ఫేజుకి ఏ న్యూట్రల్ జోడీయో రాసుకున్నాం. ఇవాళ వాటిని కొత్త బోర్డు దాకా చేర్చాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పక్కన లేకుండా ఈ పాఠం మొదలుపెట్టకండి.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటింది, కోనసీమ లంకల్లో ఇళ్ళు మునిగాయి. అలాంటి చోట నడుం ఎత్తున బోర్డు ఉన్న డాబా ఇల్లే మన ఉదాహరణ. ఆ బోర్డుని వరద నీరు అందని చోటికి మార్చాలి.

ముందు, అతుకు అసలు అవసరమా అన్నది చూడండి. డాబా ఇళ్ళలో వైర్లు సాధారణంగా శ్లాబులోని పైపుల్లోంచి గోడలోకి దిగి బోర్డుకి చేరతాయి. అదే గోడలో బోర్డుని నిలువునా పైకి జరిపితే ఆ వైర్లు చాలకపోవడం అటుంచి, ఇంకా మిగులుతాయి. పైపు కోసుకుని, బోర్డులో తిప్పుకోడానికి సరిపడా ఉంచి కత్తిరించుకోవడమే. చాలనివి కింద నుంచి వచ్చే మెయిన్ వైరు, ఎర్తు వైరు. వీటిని అతకొద్దు, కొత్తవి లాగండి. ఇంటి లోడంతా మోసే మెయిన్ వైరులో అతుకు పెట్టి మిగుల్చుకునేది నాలుగు మీటర్ల వైరే. మీటరు సీలు జోలికి మాత్రం పోకూడదు. కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టి, వాళ్ళ మనిషి సప్లై తీశాకే అక్కడ చెయ్యి పెట్టాలి.

బోర్డు పక్క గదికి పోతేనే అసలు చిక్కు. అప్పుడు కూడా పైపులో ఖాళీ ఉంటే పాత వైరు కొసకి కొత్త వైరు కట్టి లాగడమే నా మొదటి మాట. ఒకరు లాగుతుంటే ఇంకొకరు అటునుంచి అందించాలి. బిగుసుకుంటే ఆపండి, బలవంతం చేస్తే తొడుగు గీసుకుపోతుంది.

అదీ కుదరకపోతే పాత బోర్డు పెట్టెనే జాయింటు పెట్టెగా వాడుకోండి. ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్చులు) తీసేసి, అవి కూర్చున్న రైలు (లోహపు పట్టీ) మీదే టెర్మినళ్ళు (వైరు కొసలు స్క్రూతో బిగించే దిమ్మెలు) బిగించి, పాత వైరు ఒక వైపు, కొత్తది రెండో వైపు. రేకు పెట్టె అయితే దానికి ఎర్తు తప్పదు. మూత స్క్రూలతో ఊడదీసేలా ఉండాలి. ఇంటాయన అందం కోసం పూత పూసి మూసేద్దామంటే ఒప్పుకోవద్దు.

టెర్మినళ్ళకి చోటు లేకపోతే క్రింపు స్లీవులు (రెండు వైర్ల కొసలు దూర్చి నొక్కే చిన్న లోహపు గొట్టాలు) వాడొచ్చు. 1.5, 2.5 ఎంఎం (అంటే చదరపు మిల్లీమీటర్ల) వైర్లకి నీలం రంగువి, 4, 6 ఎంఎం వైర్లకి పసుపు. పూర్తిగా నొక్కితే తప్ప వదలని రాచెట్ ప్లయరే వాడండి, మామూలు కటింగ్ ప్లయరుతో నొక్కింది నాలుగు రోజులకి వదులవుతుంది. నొక్కాక గట్టిగా లాగి చూడండి. పైన తొడిగే హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకునే) గొట్టాన్ని అతకడానికి ముందే వైరుకి ఎక్కించుకోవాలి. ఇది అందరూ మరిచిపోయేదే! అతుకులన్నీ ఒకేచోట కుప్పపడకుండా కాస్త ఎడంగా పెట్టండి.

పొడిగించే వైరు పాతదానికంటే సన్నగా ఉండకూడదు. ఏసీకి 4 ఎంఎం వచ్చిందని తెలిసీ 2.5 అతికితే, ఎంసీబీ పడేలోపు ఆ సన్న వైరే కాలుతుంది. పాత ఇంట్లో అల్యూమినియం వైరు కనిపిస్తే రాగితో మెలిపెట్టొద్దు, మొత్తం మార్చేయమని ఇంటివాళ్ళకి చెప్పండి.

ఇక మెలిపెట్టి టేపు చుట్టే పాత అలవాటు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి టేపు జిగురు సాగిపోయి అంచులు లేస్తాయి. విప్పి చూస్తే రాగి పోగుల సందుల్లో పచ్చటి చిలుము, పక్కన తొడుగు గోధుమరంగు తిరిగి పెళుసుగా ఉంటుంది. అతుకు వేడెక్కుతోందనడానికి అదే గుర్తు.

అభ్యాసం: 2.5 ఎంఎం ముక్కలతో టెర్మినల్ అతుకులు, క్రింపు అతుకులు వేసి, లాగి చూసి, ఊడినవి పక్కన పెట్టండి. ఎందుకు ఊడాయో రాసుకోండి. వచ్చే పాఠంలో 500 వోల్టుల మెగ్గరుతో (వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరుతో) పరీక్ష, 1 మెగోమ్‌కి తక్కువ చూపించిన సర్క్యూట్‌కి కరెంటు ఇవ్వం.