పాత వ్యానుకు డీజిల్ ఇంజను మార్పిస్తున్నారా? ముందుగా ఈ జాగ్రత్తలు

పదిహేనేళ్లు తిరిగిన డీజిల్ వ్యానుకు ఇంజను దెబ్బతిన్నప్పుడు, బోరు చేయించడం (అరిగిన సిలిండర్లను కోయించి సరిచేయించడం) కన్నా ఆటోనగర్‌లో దొరికే సెకండ్‌హ్యాండ్ ఇంజను వేయించడమే చవక అని చాలామంది యజమానులు లెక్క వేసుకుంటారు. ఆ లెక్క తప్పు కాకపోవచ్చు, కానీ బయానా ఇచ్చే ముందే కాగితాల సంగతి తేల్చుకోవాలి. ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చెబుతోంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాటను గట్టిగా చెప్పింది. కాబట్టి పెట్రోలు వ్యానులో డీజిల్ ఇంజను పెట్టించే ఆలోచన ఉంటే మానుకోండి. అదే కంపెనీ, అదే రకం ఇంజను అయినా రవాణా శాఖ అనుమతి తీసుకుని, కొత్త నంబరును ఆర్సీలో ఎక్కించి, బీమా కంపెనీకి తెలియజేయాలి. అమ్మేవారు ఇంజను నంబరు వేసిన బిల్లు ఇవ్వకపోయినా, నంబరు ఉన్నచోట ఆకురాయి పెట్టిన గుర్తులు కనిపించినా, ఎంత తక్కువ ధరకు వచ్చినా ఆ ఇంజను తీసుకోకండి.

పాత ఇంజను దించే పనిలో ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాలి. నాలుగు సిలిండర్ల ఇనుప డీజిల్ ఇంజను 200 కిలోల వరకు తూగవచ్చు గనుక, బరువులెత్తే గొలుసు కప్పీ (చైన్ బ్లాక్) వేలాడదీసిన దూలం బలమైనదై ఉండాలి, ఇంజను గాలిలో ఉన్నంతసేపు దాని కింద ఎవరూ చేయి కూడా పెట్టకూడదు.

అన్నిటికన్నా నేను భయపడేది బ్రేకుల విషయంలో. పెట్రోలు ఇంజనులో గాలి లోపలికి వెళ్లే దారి నుంచే పెడల్ తేలిగ్గా దిగేలా సాయపడే బ్రేక్ బూస్టరుకు కావలసిన వ్యాక్యూమ్ (గాలి లేని పీల్పు) దొరుకుతుంది. డీజిల్ ఇంజనుకు ఆ వసతి ఉండదు కాబట్టి దానికి వేరే పంపు కావాలి. చాలా పాత వ్యాన్లలో ఆ పంపు ఆల్టర్నేటరు వెనకే ఉండి, ఇంజను ఆయిలుతోనే తడుస్తూ తిరుగుతుంది. ఆల్టర్నేటరు లేకుండా వచ్చిన ఇంజనుకు పాతదాన్ని బిగించే తొందరలో ఆయిలు పైపు కలపడం మరిచిపోతే, పంపు ఎండిపోయి పట్టేస్తుంది, లోడుతో ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. అందుకే ఆయిలు వచ్చే పైపును, తిరిగి వెళ్లే పైపును మీ కళ్లతో చూసుకోండి, బూస్టరు గొట్టం కొత్తది వేయించండి. ఇంజను ఆపి ఉండగా పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, అలాగే అదిమిపట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగలేదంటే ఆ బండి గ్యారేజీ గేటు దాటకూడదు.

మొదటి స్టార్టింగులో మరో ప్రమాదం ఉంది. నెలల తరబడి మూలన పడి ఉన్న ఇంజనులో డీజిల్ పంపు రాక్ (ఎంత డీజిల్ వెళ్లాలో నియంత్రించే కడ్డీ) ఇరుక్కుపోయి ఉంటే, స్టార్ట్ కాగానే ఇంజను అదుపు తప్పి వేగం అందుకుంటుంది, తాళం తిప్పినా ఆగదు. అప్పుడు గాలి రాకుండా అడ్డుకోవడమే దారి కాబట్టి, ముందే ఎయిర్ ఫిల్టరు గొట్టం విప్పి, దాని మూతికి సరిపోయే మందమైన చెక్క పలకను ఒక మనిషి చేతికిచ్చి నిలబెట్టాలి. గుడ్డ వద్దు, దాన్ని ఇంజను లోపలికి లాగేస్తుంది. అరచేయి అసలే వద్దు. స్టార్ట్ చేసే ముందు, డీజిల్‌ను ఆపే స్టాప్ లివర్ లాగిపట్టి, ఆయిలు లైటు ఆరేదాకా సెల్ఫ్ కొద్దికొద్దిగా తిప్పాలి.

ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్ పైపుల దగ్గర డీజిల్ కారుతున్నదేమోనని వేలితో తడిమే అలవాటు చాలా గ్యారేజీలలో ఉంది. ఆ పైపుల్లోని విపరీతమైన ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లకపోతే వేలు పోవచ్చు. అట్టముక్క పట్టి చూడండి.

ట్యాంకు కడిగించడం, డీజిల్ ఫిల్టరు, రేడియేటరు గొట్టాలు మార్పించడం ఎలాగూ చేయిస్తారు. బండి బయటికి వచ్చాక మొదటి రెండు మూడు రోజులు ఖాళీగా, ఊరి చుట్టుపక్కలే తిప్పి, మౌంటింగ్ బోల్టులు మళ్లీ బిగించి, ఆయిలు, నీళ్ల మట్టం చూసిన తరువాతే లోడు ఎక్కించండి. పిల్లలను బడికి దింపే వ్యాను అయితే ఆ రోజులకు వేరే బండి మాట్లాడుకోండి.