రుడోంగ్ తీరంలో చెంచామూతి ఉల్లంకిని చూడటం, వల కనిపిస్తే చేయాల్సిన పని

నాది సూళ్లూరుపేట. ఇప్పుడు చైనాలోని నాన్‌టోంగ్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడి నుంచి బస్సులో వెళ్లి వచ్చేంత దూరంలోనే రుడోంగ్ తీరం ఉంది. దానికి ఉత్తరాన తియావ్‌జెని. రెండూ పసుపు సముద్రం (ఎల్లో సీ) ఒడ్డున కిలోమీటర్ల కొద్దీ పరుచుకున్న బురద నేలలు. ప్రపంచంలో కొన్ని వందలే మిగిలిన చెంచామూతి ఉల్లంకి (స్పూన్-బిల్డ్ శాండ్‌పైపర్ అనే చిన్న పిట్ట) రష్యా ఈశాన్య తీరాల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణానికి పోతూ ఇక్కడ దిగుతుంది. ఈ జియాంగ్సు ప్రావిన్స్‌లో చదువుకో ఉద్యోగానికో ఉన్న మన తెలుగువాళ్లు ఒక్క ఆదివారమైనా దానికోసం వెళ్లాలని నా కోరిక. ఎలా వెళ్లాలో చెబుతాను.

ముందు పోటు (సముద్రం పొంగడం), పాటు (నీళ్లు వెనక్కి తీయడం) లెక్క చూసుకోండి. బస్సు టైమ్ ఆ తర్వాత. పులికాట్‌లో చేపలు పట్టిన మా తాత "పోటు మీద పిట్ట మన దగ్గరికే వస్తుంది, పాటులో దాని వెంట పరిగెత్తితే దొరకదు" అనేవాడు. ఇక్కడా అంతే. నీళ్లు తీసినప్పుడు పిట్టలు ఎంతో దూరాన చుక్కల్లా ఉంటాయి. పోటు ఎక్కేకొద్దీ బురద మునిగి, అవి కరకట్ట వైపు జరుగుతాయి. పోటు నిండటానికి రెండు మూడు గంటల ముందే కట్ట మీద కూర్చోండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు బాగా పెద్దది, పిట్టలు బాగా దగ్గరికొస్తాయి. పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైమ్ నమ్ముకోవద్దు. బురదలోకి అస్సలు దిగొద్దు. నీళ్లు ఎదురుగా రావు, వెనక ఉన్న కాలవల్లో ముందు నిండి దారి మూసేస్తాయి.

నెలల సంగతికొస్తే ఏప్రిల్, మే ఒక విడత. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఇంకో విడత. నాకు రెండోదే ఇష్టం. ఎందుకంటే అప్పుడు ఈ పిట్టలు ఇక్కడే వారాల తరబడి ఉండి ఈకలు మార్చుకుంటాయి. 8x42 బైనాక్యులర్ సరిపోతుంది అనుకుంటారు గానీ, పిచ్చుకంత పిట్టకు అది చాలదు. 20 నుంచి 60 రెట్లు పెంచే స్కోప్ ఉన్నవాళ్ల పక్కన నిలబడి అడగండి. ఇక్కడి పిట్టల ప్రియులు ఆనందంగా చూపిస్తారు.

ఇక గుర్తుపట్టడం. ఇక్కడే అందరూ తికమకపడతారు. చెంచామూతి పిట్ట ఒంటరిగా ఉండదు. అదే సైజులో ఎర్రమెడ ఉల్లంకులు చుట్టూ వందల్లో ఉంటాయి. ముక్కు చివర చెంచా పక్క నుంచి చూస్తే కనిపించదు, మామూలు నల్ల ముక్కులాగే ఉంటుంది. ఎదురుగా తిరిగినప్పుడే బయటపడుతుంది. అందుకని ముక్కు వెతకకండి, మేత తీరు చూడండి. ఎర్రమెడది కుట్టుమిషన్ సూదిలా టకటకా పొడుస్తూ పోతుంది. చెంచామూతి తల దించి, పలచటి నీళ్లలో ముక్కు ఆనించి, అటూ ఇటూ ఊపుతూ తోసుకుంటూ పోతుంది, ఇల్లు తడిగుడ్డ పెట్టినట్టు. నేను మొదటిసారి చూసిన రోజు నాలుగు గంటలు స్కోప్‌లో కన్ను పెట్టి, వద్దులే అనుకునేసరికి ఒకటి అలా తోసుకుంటూ వచ్చి, తల ఎత్తి, నేరుగా నా వైపు తిరిగింది. ఆ నల్ల చెంచా అంచున ఒక బురద బొట్టు వేలాడుతోంది. ఊపిరి బిగబట్టి చూశాను.

కాలికి పరిశోధకులు కట్టిన చిన్న రంగు జెండా ఉంటే దాని రంగు, మీద అక్షరాలు రాసుకోండి. లేత ఆకుపచ్చది చెంచామూతి కాలికుంటే అది రష్యాలో కట్టింది. పెద్ద నాట్ (గ్రేట్ నాట్ అనే ఇంకో ఒడ్డు పిట్ట) కాలికి పసుపు జెండా ఉంటే ఆస్ట్రేలియా వాయవ్య తీరం నుంచి వచ్చింది. ఫోటో కోసం దగ్గరికి పోయి లేపొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. ఒక్కసారి లేచినా, ముందున్న వేల కిలోమీటర్లకు దాచుకున్న కొవ్వు ఖర్చవుతుంది.

ఇప్పుడు నన్ను బాధపెట్టే విషయం. మనం ఏ లెక్కతో పిట్టల్ని వెతుకుతామో, వలవాడూ అదే లెక్కతో వస్తాడు. పోటుకు పిట్టలు ఎక్కడ వాలతాయో వాడికీ తెలుసు. అమావాస్య రాత్రి నైలాన్ దారం పిట్టకు కనిపించదు. కాబట్టి కట్ట వెనక రొయ్యల చెరువుల అంచున వరసగా వెదురు కర్రలు ఉన్నాయా చూడండి. పొద్దున్నే వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు వల మెరుస్తుంది. పిట్టలు ఒకే చోట పదేపదే తిరుగుతూ వాలకపోయినా అనుమానించండి. చీకట్లో ఒకే చోటి నుంచి ఒకే కూత ఆగకుండా వస్తుంటే అది పిట్ట కాదు, ఎర కోసం పెట్టిన స్పీకర్.

కనిపిస్తే వెంటనే పీకేయాలనిపిస్తుంది. ఆగండి. వల పోతే సాక్ష్యం పోతుంది. దూరం నుంచి కర్రలు, వల, పక్కనున్న గుర్తు ఏదైనా వచ్చేలా ఫోటోలు, వీడియో తీయండి. లొకేషన్ మాత్రం ఇక్కడి మ్యాప్ యాప్ నుంచి లేదా వీచాట్ నుంచే పంపండి. చైనా మ్యాపుల్లో అక్షాంశ రేఖాంశాలు మన ఫోన్ చూపించే వాటికి కొన్ని వందల మీటర్లు తేడాగా ఉంటాయి. పోలీసులు వేరే చెరువు దగ్గరికి పోతారు. తర్వాత పోలీసుల నంబర్ 110కి ఫోన్ చేయండి. భాష రాకపోతే ఒక్క వాక్యం నేర్చుకోండి: "జలి యౌ రెన్ యోంగ్ వాంగ్ జువా నియావ్", ఇక్కడ ఎవరో వలతో పిట్టల్ని పడుతున్నారు అని. వలవాడితో గొడవకు దిగొద్దు. మనం విదేశీయులం, పాస్‌పోర్ట్ వెంట ఉండాలి.

చట్టం గట్టిగానే ఉంది. 2021లో సవరించిన చైనా రక్షిత జంతువుల జాబితాలో చెంచామూతి ఉల్లంకి మొదటి తరగతి రక్షిత జీవి. అలాంటి పిట్టల్ని పడితే శిక్షాస్మృతి 341వ నిబంధన ప్రకారం 5 ఏళ్ల వరకు, నేరం మరీ పెద్దదైతే 10 ఏళ్లు దాటి జైలు పడొచ్చు. హోటల్లో "యెవెయ్", అంటే అడవి మాంసం, అని రహస్యంగా చెప్పినా తినొద్దు. 2020 ఫిబ్రవరి నుంచి నేలమీది అడవి జంతువుల్ని తినడం చైనాలో నిషేధం. కొనేవాడు ఉంటేనే వల కడతారు.

పోయిన అక్టోబర్లో ఒక చెరువు గట్టున పోలీసులతో పాటు ఒక వాలంటీరు పెద్దాయన వచ్చారు. నేను షూషు అంటాను, మన బాబాయి లాగా. వలలో ఒక డన్లిన్ (ఇంకో రకం ఒడ్డు పిట్ట) తలకిందులుగా వేలాడుతోంది, దారం రెక్క కింద దిగి రక్తం గడ్డకట్టింది. నన్ను టార్చ్ పట్టుకోమన్నారు. పిట్ట ఏ వైపు నుంచి వలలో పడిందో ముందు చూశారు, మెడను రెండు వేళ్ల మధ్య మెల్లగా నిలిపి, మొదట కాళ్లు విడిపించారు, తర్వాత రెక్క, చివర తల. పావుగంట పట్టింది. "నువ్వు చేయకు, విరిగిపోతుంది, ఫోన్ చెయ్యి" అన్నారు నాతో. దాన్ని గుడ్డ వేసిన అట్టపెట్టెలో పెట్టి మూత వేశారు. తెల్లవారేదాకా లోపల నుంచి గోళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. వెలుగొచ్చాక మూత తీస్తే, ఒక్క నిమిషం అలాగే నిలబడి, పాటు తీస్తున్న బురద వైపు నేల మీదుగా ఎగిరిపోయింది.