దివ్యజ్ఞాన సమాజం పాత గొడవల పుస్తకాలు వైజాగ్‌లో ఉండి ఎలా వెతకాలి

దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్ళు అమ్మే చరిత్ర పుస్తకాల్లో ఒక వైపే కనిపిస్తుంది, రెండో వైపు కావాలంటే 1884-85లో సమాజం స్థాపకుల్లో ఒకరైన మేడమ్ బ్లావట్‌స్కీ మహిమలు మోసమని కూలోంబ్ దంపతులు చేసిన ఆరోపణలు, వాటిపై విచారణ చేసిన హాడ్జ్‌సన్ రిపోర్టు దగ్గర మొదలెట్టండి. అసలు విషయం ఏంటంటే ఆ రిపోర్టు విడి పుస్తకం కాదు, లండన్ సైకికల్ రీసెర్చ్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వచ్చింది, అందుకే పుస్తకం పేరుతో వెతికితే చిక్కదు, పత్రిక పేరు, సంవత్సరం కొట్టాలి. అదే సొసైటీ జర్నల్‌లో 1986లో దాన్ని తప్పుపడుతూ వెర్నన్ హారిసన్ రాశాడు, అదీ చదవండి, లేకపోతే మళ్ళీ ఒక వైపే అవుతుంది.

ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు బోలెడు, కానీ తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించారు, "దివ్యజ్ఞాన" అని రకరకాల స్పెల్లింగులతో ప్రయత్నించాల్సిందే (ఓపిక కావాలి బాబూ). ఏయూ వీఎస్ కృష్ణా లైబ్రరీకి వెళ్ళేముందు బయటివాళ్ళని రానిస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. జగదాంబ వైపు వెళ్ళినప్పుడు పాత పుస్తకాలమ్మేవాళ్ళకి పేర్లు రాసిచ్చి రండి.

"తొక్కేసిన పుస్తకం" అని ఎవరైనా ఎక్కువ రేటు చెప్తే వెంటనే కొనకండి, చాలావాటికి రీప్రింట్ లేదంతే. చెన్నైలో 1886 నాటి అడయార్ లైబ్రరీ (సమాజం వాళ్ళదే) ఉంది, ముందు అక్కడ అడగండి.