వడికీ వేగానికీ తేడా తెలుసుకుని లెక్క చేయడం ఎలా?

అంకెలు చూడగానే సూత్రంలో వేసేయకండి. వస్తువు ఎక్కడ బయల్దేరింది, ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది అన్నది ముందు కాగితం మీద గీయండి. బొమ్మ లేకపోతే దూరం (నడిచిన దారి పొడవు), స్థానభ్రంశం (మొదటి చోటు నుంచి చివరి చోటికి తిన్నని గీత, దిశతో సహా) కలగాపులగం అవుతాయి. దూరాన్ని కాలంతో భాగిస్తే సరాసరి వడి, స్థానభ్రంశాన్ని భాగిస్తే సరాసరి వేగం; ఈ రెండూ తారుమారయ్యేది సరిగ్గా అక్కడే.

ఒక మనిషి తూర్పుకు 40 మీటర్లు, అక్కడి నుంచి ఉత్తరానికి 30 మీటర్లు నడిచాడు. మొత్తం 50 సెకన్లు పట్టింది అనుకుందాం.

1. నడిచిన దారి పొడవంతా కూడండి. 70 మీటర్లు వస్తుంది, ఇది దూరం. 70ని 50తో భాగిస్తే సరాసరి వడి 1.4 మీ/సె. దీనికి దిక్కుతో పనిలేదు.

2. బయల్దేరిన చోటు నుంచి ఆగిన చోటికి తిన్నగా గీత గీసి, చివర బాణం గుర్తు పెట్టండి. లంబకోణ త్రిభుజంలో అది కర్ణం కాబట్టి పైథాగరస్ సూత్రంతో 50 మీటర్లు. ఇదే స్థానభ్రంశం.

3. దాన్ని 50 సెకన్లతో భాగించండి: 1 మీ/సె. ఇక్కడితో ఆపేస్తే జవాబు సగమే. 'తూర్పు నుంచి ఉత్తరం వైపు సుమారు 37 డిగ్రీలు' అని దిశ కూడా రాస్తేనే అది సరాసరి వేగం.

4. సరిచూసుకోండి. సరాసరి వేగం పరిమాణం సరాసరి వడిని ఎన్నడూ మించదు. మించిందంటే లెక్క తప్పింది.

వెళ్లి వెనక్కి వచ్చే లెక్కల్లో చాలామంది పొరబడతారు. 60 మీటర్లు 20 సెకన్లలో వెళ్లి, 30 సెకన్లలో తిరిగొస్తే వడి 3, 2 మీ/సె. వీటి సగటు 2.5 అని రాయకూడదు; 120 ÷ 50 = 2.4 మీ/సె. బయల్దేరిన చోటికే తిరిగొచ్చారు కాబట్టి సరాసరి వేగమైతే సున్నా.

ఇక మలుపు. కారు గంటకు 72 కిలోమీటర్లతో ఉత్తరానికి పోతూ, అదే వడితో తూర్పుకు తిరిగింది. దీన్ని మీ/సెలోకి మార్చడానికి 5/18తో గుణిస్తే 20 మీ/సె. స్పీడోమీటర్ చూపేది వడినే కాబట్టి ముల్లు కదలదు. వేగం మాత్రం మారింది. ఎంత మారిందో చూడాలంటే తుది వేగంలోంచి తొలి వేగాన్ని తీసేయాలి: ఉత్తరం బాణాన్ని దక్షిణానికి తిప్పి, తూర్పు బాణం కొనకు తగిలించండి. మార్పు ఆగ్నేయ దిశగా సుమారు 28.3 మీ/సె. 20లోంచి 20 తీసేసి సున్నా అనేవారు దిశను మరిచిపోయినట్టే. ఈ మార్పుకు కావలసిన బలాన్ని టైర్లకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ ఇస్తుంది. తడి రోడ్డు మీద అది చాలకపోతే, వడి పెంచకపోయినా బండి మలుపులో జారిపోతుంది.