ఇంట్లోనే గిటార్ తయారీ, నాలుగో పాఠం: ఫ్రెట్ గాడులు కోయడం

వీణ చేసేవారు మెట్లను మైనంలో కూర్చుతారు. ఇరవై నాలుగు మెట్లనూ మైనపు కట్టల మీద నిలిపి, తీగ మీటి, చెవితో విని, మైనాన్ని వేడిచేసి ఒక్కో మెట్టునూ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ మేళం కడతారు; ఏళ్ళు గడిచి మైనం సడలితే మళ్ళీ కట్టించుకోవచ్చు. గిటార్‌కు ఆ వెసులుబాటు లేదు. ఫ్రెట్ (గిటార్ మెట్టు) కూర్చునే గాడిని నేరుగా చేవకర్రలో కోస్తాము, ఒకసారి కోసిన గాడి ఇక జరగదు. చెవి చేయవలసిన పనిని ఇక్కడ ముందుగానే కొలత చేయాలి. అందుకే ఈ పాఠంలో రంపం కన్నా గీతకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మూడో పాఠంలో చిత్రిక పట్టి సిద్ధం చేసిన, ఫ్రెట్లు కూర్చోబోయే జిట్రేగి (రోజ్‌వుడ్) పలక 490 మి.మీ. పొడవు, 65 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందంతో మీ దగ్గర ఉండాలి. దాని రెండు అంచులూ సమాంతరంగానే ఉన్నాయి కదా. నెక్‌కు (గిటార్ మెడకు) తగినట్టు ఒక చివర సన్నగా కోసే పనిని గాడులు పూర్తయ్యేదాకా ముట్టుకోకండి, ఎందుకంటే మూలమట్టాన్ని ఆనించడానికి మనకున్న ఆధారం ఆ తిన్నని అంచు ఒక్కటే.

మనం చేస్తున్నది 650 మి.మీ. తీగ పొడవున్న క్లాసికల్ గిటార్. ఒక్కో ఫ్రెట్ దగ్గర స్వరం ఒక అర్ధస్వరం పెరగాలంటే, మిగిలిన తీగ పొడవును 17.817తో భాగించి, వచ్చినంత దూరం ముందుకు వెళ్ళాలి. గెలీలియో తండ్రి విన్‌చెంజో గెలీలి 1581లో లూట్ వాద్యానికి 18తో భాగించే పద్ధతిని సమర్థించాడు. లెక్క సులువే గాని, ఆ పద్ధతిలో మన 12వ ఫ్రెట్ సరిగ్గా సగం దగ్గర, అంటే 325 మి.మీ. దగ్గర పడకుండా, 322.6 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. తీగను నొక్కినప్పుడు అది సాగి స్వరం కొద్దిగా పెరుగుతుంది గనుక ఆ లోటు కొంత పూడేది. మనకు కాలిక్యులేటర్ ఉంది, 17.817నే వాడదాం.

నట్ అంటే మెడ పై చివర తీగలు ఆనే పట్టీ; దాని చోటును గుర్తించే నట్ గీత నుంచి ఫ్రెట్ల దూరాలు మిల్లీమీటర్లలో వరుసగా ఇవి: 36.48, 70.92, 103.42, 134.10, 163.05, 190.38, 216.18, 240.53, 263.51, 285.20, 305.67, 325.00. పన్నెండు దాటాక కొత్త లెక్క అక్కరలేదు. మొదటి ఫ్రెట్ దూరంలో సగాన్ని 325కు కలిపితే 13వ ఫ్రెట్, రెండోదానిలో సగాన్ని కలిపితే 14వ ఫ్రెట్. అలాగే 7వ దానిలో సగం కలిపితే 433.09 దగ్గర 19వ ఫ్రెట్ వస్తుంది. అక్కడితో మన పని సరి.

ఈ దూరాలన్నీ నట్ గీత నుంచే అని గమనించండి. ఒక ఫ్రెట్ నుంచి తర్వాతి ఫ్రెట్‌కు కొలుచుకుంటూ పోతే, ప్రతి కొలతలో 0.2 మి.మీ. ఒకే వైపు తప్పినా పన్నెండో గీత దగ్గరికి వచ్చేసరికి 2.4 మి.మీ. తేడా పేరుకుంటుంది. కనుక 600 మి.మీ. స్టీలు స్కేలును పలక మీద రెండు క్లాంపులతో బిగించి, మొత్తం ఇరవై గుర్తులూ పెట్టేదాకా దాన్ని కదపకండి. నా మొదటి పలకలో ఏడో గుర్తు తర్వాత చేయి తగిలి స్కేలు జరిగింది, నేను గమనించలేదు. ఎనిమిదో గాడి నుంచి అన్నీ ఒక మిల్లీమీటరు పక్కకు పడ్డాయి. ఫ్రెట్లన్నీ కొట్టి, తీగలు బిగించి, పై స్వరాలు కలవక రెండు రోజులు నట్‌నూ, తీగల అవతలి చివర ఆనే బ్రిడ్జినీ అనుమానించాకే స్కేలు తీసి కొలిచాను. అప్పటి నుంచి సగం గుర్తులు పెట్టాక ఒకసారి, చివరలో ఒకసారి స్కేలు సున్నా నట్ గీత మీదే ఉందా అని భూతద్దంతో చూసుకోవడం అలవాటైంది.

సున్నా కోసం పలక చివరను వాడకండి. చివర నుంచి 10 మి.మీ. లోపలికి నట్ గీత గీయండి. పెన్సిలు గీత అర మిల్లీమీటరు మందం ఉంటుంది కనుక, గుర్తులు పెట్టడానికి పదునైన కత్తి మొన వాడాలి. మొనను స్కేలు గీతలో నిలిపి కర్రలో చిన్న గాటు పెట్టండి. తర్వాత స్కేలు తీసేసి, కత్తిని ఆ గాటులోనే ఉంచి, మూలమట్టాన్ని జరిపి కత్తికి తగిలించి, పలక వెడల్పంతటా గీత గీయండి. మూలమట్టాన్ని గాటుకు చేర్చడానికి కంటిని నమ్మడం కన్నా కత్తికి తాకించడమే ఖచ్చితం. గీత కనబడకపోతే సుద్దపొడి రుద్ది తుడవండి; నల్లని జిట్రేగిలో తెల్లని దారంలా తేలుతుంది.

స్కేలు మీద అర మిల్లీమీటరు గీతలే ఉన్నాయి, 36.48ని ఎలా గుర్తించాలని సందేహం రావచ్చు. 36.5 దగ్గర పెట్టండి, చాలు. అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే, మొదటి ఫ్రెట్ అర మిల్లీమీటరు తప్పినా తేడా 1.4 సెంట్లే, అదే అర మిల్లీమీటరు 12వ ఫ్రెట్ దగ్గర 2.7 సెంట్లు, 19వ దాని దగ్గర 4 సెంట్లు అవుతుంది. తీగ పొట్టిదయ్యే కొద్దీ తప్పు ఖరీదు పెరుగుతుంది. రెండు గీతల మధ్య ఖాళీని కంటితో అయిదు భాగాలుగా ఊహించుకొని గుర్తు పెట్టగలిగితే 0.1 మి.మీ. దాకా వస్తుంది. ఇంటి పనికి అంతకన్నా అక్కరలేదు.

ఇక రంపం. ఫ్రెట్ వైరు అడుగున నిలువుగా ఉండే రేకు దాదాపు 0.5 మి.మీ. మందం, దాని పక్కలకు ఉబ్బిన చిన్న ముళ్ళు కర్రను పట్టుకుంటాయి. కాబట్టి గాడి వెడల్పు 0.55 నుంచి 0.6 మి.మీ. మధ్య ఉండాలి. గాడి బిగువైతే పందొమ్మిది ఫ్రెట్లు పందొమ్మిది చీలల్లా కర్రను ఒత్తి నెక్‌ను వెనక్కి వంచుతాయి. వదులైతే ఫ్రెట్ పైకి లేస్తుంది. హాక్సా బ్లేడు ఇందుకు పనికిరాదు: దాని రేకే సుమారు 0.65 మి.మీ. మందం, పళ్ళు పక్కలకు ఒరిగి ఉండడం వల్ల కోత ఇంకా వెడల్పవుతుంది. వెన్నున్న సన్నపళ్ళ చేతిరంపం తీసుకోండి. దాని కోత 0.7 మి.మీ. ఉంటే, రంపాన్ని నూనెరాయి మీద పడుకోబెట్టి పళ్ళ పక్కలను రెండుసార్లు రుద్ది, తిప్పి అటువైపూ రెండుసార్లే రుద్ది, పనికిరాని ముక్కలో కోసి చూడండి. రెండు వైపులా సమానంగా రుద్దకపోతే రంపం ఒక పక్కకు లాగుతుంది. కోతను కొలవడానికి మోటారు మెకానిక్కులు వాడే ఫీలర్ గేజ్ (వేర్వేరు మందాల కొలత రేకుల కట్ట) చాలు: 0.55 రేకు గాడిలోకి జారాలి, 0.65 రేకు దిగకూడదు.

లోతు 2.2 మి.మీ. రంపపు రేకుకు ఒక వైపు సన్నని కర్రపట్టీని రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, పట్టీ కింద పళ్ళ కొన దాకా సరిగ్గా 2.2 మి.మీ. మాత్రమే కనబడేలా చూడండి. పట్టీ కర్రకు తగలగానే రంపం తనంతట తానే ఆగుతుంది.

నిలువు తప్పకుండా ఉండేందుకు 40 మి.మీ. ఎత్తున్న టేకు దిమ్మెను నాలుగు వైపులా మూలమట్టానికి తెచ్చి, దాని అడుగున ఒక చివర అడ్డపట్టీ బిగించండి. పట్టీ పలక అంచుకు ఆనుకుంటే దిమ్మె దానంతటదే అంచుకు లంబంగా, గీత వెంబడే నిలుస్తుంది. లోతు పట్టీ లేని వైపు రేకును ఈ దిమ్మె ముఖానికి ఎడమచేతి వేళ్ళతో ఒత్తి పట్టుకొని కోయాలి. దిమ్మెను ఎప్పుడూ గీతకు నట్ వైపునే పెట్టండి. అప్పుడు కోత అంతా బ్రిడ్జి వైపు పడుతుంది, గాడుల మధ్యరేఖలన్నీ 0.3 మి.మీ. చొప్పున ఒకే వైపు జరుగుతాయి. అన్నీ సమానంగా జరిగితే వాటి మధ్య దూరాలు చెడవు. నట్ గీతనూ అదే దిమ్మెతో, అదే వైపు పెట్టి, అదే రంపంతో పూర్తిగా తెగేలా కోయండి. ఈ ఒక్క కోతకు లోతు పట్టీని ఊడదీయాలి గనుక దీన్ని చివరికి ఉంచండి. అలా కోసిన అంచు మధ్యరేఖకన్నా 0.3 మి.మీ. ముందుకు వస్తుంది. దానికి కంగారు పడనక్కరలేదు. నొక్కిన తీగ సాగి స్వరం పెరగడానికి అది కొంత విరుగుడు. కావాలనే నట్‌ను అలా ముందుకు తెచ్చే తయారీదారులున్నారు.

మొదటి ఫ్రెట్ నుంచి మొదలుపెట్టమని నా సలహా. చేయి ఇంకా కుదురుకోని వేళ జరిగే తప్పు అక్కడ తక్కువ నష్టం చేస్తుందని పైన లెక్క చూశాము. మొదటి రెండు మూడు లాగులు రంపాన్ని వెనక్కి మాత్రమే, బరువు వేయకుండా లాగండి. పళ్ళు కత్తిగీతలో కుదురుకున్నాక చప్పుడు మారిపోవడం మీకే తెలుస్తుంది, గీరుడు పోయి మెత్తని ఒరిపిడి వినిపిస్తుంది. ఆ తర్వాత పూర్తి పొడవునా లాగండి. జిట్రేగిలో సహజమైన జిడ్డు ఉంటుంది, పొట్టు గాడిలో ముద్దకట్టి రంపం దిగకుండా ఆపుతుంది. లోతు వచ్చేసిందని పొరపడతాము. పది లాగులకొకసారి పాత టూత్‌బ్రష్‌తో పొట్టు తీయండి. ఈ పొట్టు కొందరి చర్మానికీ శ్వాసకూ పడదు కనుక మాస్కు తప్పనిసరి.

గాడి అయ్యాక ఫ్రెట్ వైరు చిన్న ముక్కను పెట్టి చూడండి. వేలితో ఒత్తితే దిగకూడదు, చిన్న సుత్తితో నాలుగైదు దెబ్బలకు దిగాలి. మూడు గాడులు సరిగా వచ్చాకే నాలుగోదానికి వెళ్ళండి. చివరగా ముక్కోణపు ఆకురాయితో గాడి పై అంచులను ఒక్కసారి తేలికగా తాకించండి; రేపు ఎవరైనా ఆ ఫ్రెట్ ఊడదీయవలసివస్తే కర్ర పెచ్చులు లేవదు.

గాడి తప్పు చోట పడితే పొట్టునూ జిగురునూ కలిపి పూడ్చకండి, ఆ పూత ఫ్రెట్ ముళ్ళను పట్టుకోలేదు. అదే పలక తెగినముక్క నుంచి గాడికి సరిపడే పలుచని చెక్కపేడు చీల్చి, జిగురుతో దించి, ఒక రాత్రి ఆరనిచ్చి, చిత్రికతో సమం చేసి మళ్ళీ కోయండి. తప్పు ఒక మిల్లీమీటరు లోపైతే ఫ్రెట్ తలకట్టు ఆ అతుకును దాదాపు కప్పేస్తుంది. నా మొదటి పలకను అలాగే బాగుచేశాను, ఈనాటికీ దాని మీదే సాధన చేస్తున్నాను.

అసలు పలక ముట్టుకునే ముందు అదే మందమున్న టేకు ముక్క మీద పన్నెండు గాడులూ కోయండి. ఒక్కోదానికీ ఫీలర్ గేజ్ రేకు పెట్టి, నట్ నుంచి దూరం కొలిచి, కాగితం మీద రాసుకోండి. అయిదో పాఠంలో పలకను సన్నగా కోసి ఫ్రెట్లు కొట్టేటప్పుడు ఆ కాగితం మీ పక్కన ఉండాలి.